గుంపులో కలిసిపోయే బ్రౌజర్

సభకు నమస్కారం. నన్ను పిలిచి ఇంత సమయం కేటాయించిన అధ్యాపకులకు, సెలవు రోజైనా వచ్చిన విద్యార్థులకు, వెనక వరుసల్లో ఓపికగా కూర్చున్న పెద్దలకు కృతజ్ఞతలు.

ఇంటర్నెట్‌లో గోప్యత చాలా పెద్ద విషయం. దాన్నంతా పైపైన తడమడం కంటే, డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ కంప్యూటర్ల కోసం మాత్రమే తయారైన ఒక చిన్న బ్రౌజర్‌ను తీసుకుని దాని లోతుపాతులు చూడటం మేలనుకున్నాను. దాని పేరు ముల్వాడ్ బ్రౌజర్. అజ్ఞాత నెట్‌వర్క్‌తో పేరుపొందిన టార్ ప్రాజెక్టు ఇంజినీర్లు దీన్ని రూపొందించగా, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరం కేంద్రంగా పనిచేసే ముల్వాడ్ వీపీఎన్ సంస్థ 2023 ఏప్రిల్ 3న విడుదల చేసింది. వీపీఎన్ అంటే మన ఇంటర్నెట్ రాకపోకలను వేరే సర్వర్ గుండా మళ్ళించే సేవ. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది. దీర్ఘకాలం భద్రతా సవరణలు అందే ఫైర్‌ఫాక్స్ ఇఎస్‌ఆర్ కూర్పు దీనికి పునాది. సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. ఆ సంస్థ వీపీఎన్‌కు చందా కట్టకపోయినా బ్రౌజర్‌ను ఉచితంగా వాడుకోవచ్చు.

దీన్ని మొదటిసారి తెరిచినవారికి ఏదో వెలితిగా ఉంటుంది. వార్తల వరుస ఉండదు, ప్రకటనదారుల లింకుల గళ్ళు ఉండవు, ఖాతా తెరవమని అడగదు, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటారా అని ప్రశ్నించదు. మూసి మళ్ళీ తెరిస్తే నిన్న చూసిన పేజీల చరిత్ర కూడా కనిపించదు. ఇది ఎప్పుడూ ప్రైవేట్ పద్ధతిలోనే నడుస్తుంది కాబట్టి, మూయగానే కుకీలు, చరిత్ర, పేజీల తాత్కాలిక నకళ్ళను దాచే క్యాష్ అన్నీ పోతాయి. మనం బ్రౌజర్‌ను ఎలా వాడుతున్నామో తయారీదారుకు చేరవేసే టెలిమెట్రీని కూడా ఇందులో తీసేశారు. ఈ బోసితనాన్ని చాలామంది రూపకల్పనకు సంబంధించిన అభిరుచిగా చూస్తారు. నేను అలా చూడను. ఇందులో తీసేసిన ప్రతి సదుపాయం వెనకా ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తేనే ఈ బ్రౌజర్‌ను సరిగ్గా వాడగలం, తెలియకుండా వాడితే మాత్రం మామూలు బ్రౌజర్ కంటే పెద్ద తేడా ఏమీ ఉండదు.

లెక్క కుకీతో మొదలవుతుంది. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మోంటుల్లీ, ఒక సైటు తన దగ్గరకు మళ్ళీ వచ్చిన వ్యక్తిని గుర్తుపట్టడానికి వీలుగా చిన్న అక్షరాల మూటను బ్రౌజర్‌లో దాచే పద్ధతిని కనిపెట్టారు. మనం వెళ్ళిన సైటు పెట్టే కుకీ వల్ల చిక్కు లేదు. ఆ పేజీలో ఒక మూల ప్రకటన పెట్టిన వేరే సంస్థ పెట్టే కుకీతోనే చిక్కంతా. ఆ సంస్థ ప్రకటనలు వెయ్యి సైట్లలో ఉంటే, ఆ వెయ్యి సైట్లలో మనం ఎక్కడెక్కడ తిరిగామో దానికి తెలిసిపోతుంది. ఈ ప్రమాదాన్ని పెద్దలు ఆలస్యంగా గుర్తించారని అనుకోకండి. 1997 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2109 అనే ప్రమాణ పత్రంలోనే, ఇలాంటి థర్డ్ పార్టీ కుకీలను బ్రౌజర్లు వాటంతట అవి అనుమతించకూడదని రాసి ఉంది. నాటి ప్రధాన బ్రౌజర్లు ఆ మాటను పట్టించుకోలేదు. క్రోమ్ 2020 జనవరిలో, రెండేళ్ళలో వాటిని ఆపేస్తామని ప్రకటించి, గడువు పొడిగిస్తూ వచ్చి, 2024 జులైలో ఆ ఆలోచననే విరమించుకుంది. సఫారీ, ఫైర్‌ఫాక్స్ ఈ విషయంలో ముందున్నాయి; ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటు గదిలోనే బంధించే ఏర్పాటును డెస్క్‌టాప్‌లో అందరికీ వర్తింపజేసింది. ముల్వాడ్ బ్రౌజర్‌లోనూ అదే వేర్పాటు ఉంది, ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ కూడా ముందే అమర్చి ఉంటుంది. కుకీ గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు, ఎందుకంటే కుకీని పూర్తిగా తీసేసినా మనల్ని గుర్తుపట్టే దారి ఇంకొకటి మిగిలే ఉంది. నా అసలు విషయం అదే.

దాన్ని ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. ఒక పేజీ తెరిచినప్పుడు అందులోని జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రాం మన బ్రౌజర్‌ను కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. తెర వెడల్పు ఎంత, ఎత్తు ఎంత? ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు ఉన్నాయి? గడియారం గ్రీనిచ్ సమయానికి ఎంత తేడాలో ఉంది? ఏ భాషలో పేజీలు కావాలి? మన దేశంలో ఉన్న కంప్యూటర్ అయితే మూడో ప్రశ్నకు మైనస్ 330 అని జవాబిస్తుంది, అంటే మనం గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందున్నామని అర్థం. ఆ ఒక్క జవాబుతో ప్రపంచ జనాభాలో భారత్, శ్రీలంక తప్ప దాదాపు మిగతా అందరూ లెక్కలోంచి తప్పుకుంటారు. ఒక్కో జవాబు విడిగా చూస్తే మామూలుదే, దాచుకోవలసినది కాదు. అన్నిటినీ కలిపి ఒక వరుసలో పెడితే ఆ వరుస మరొకరికి ఉండదు. పైగా కుకీ మాదిరిగా కాక, అది మన కంప్యూటర్‌లో ఏదీ దాచదు కాబట్టి, మనం తుడిచేయడానికీ ఏమీ ఉండదు.

ఇది ఊహ కాదని తేల్చిన పరిశోధన 2010లో వచ్చింది. అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌లో పనిచేసిన పీటర్ ఎకర్స్‌లీ, పానోప్టిక్లిక్ అనే పరీక్షా సైటు ద్వారా 4,70,161 బ్రౌజర్ల జవాబులు సేకరించి విశ్లేషించారు. వాటిలో 83.6 శాతం, ఆ మొత్తంలో మరొక దానితో కలవని ఏకైక ముద్రలు. ఫ్లాష్ లేదా జావా అనే అదనపు ప్రోగ్రాములు ఉన్న బ్రౌజర్లను మాత్రమే తీసుకుంటే అది 94.2 శాతం. మరో విధంగా చెప్పాలంటే, యాదృచ్ఛికంగా ఒక బ్రౌజర్‌ను తీసుకుంటే, దానితో అచ్చంగా కలిసే ముద్ర మహా అయితే 2,86,777 బ్రౌజర్లలో ఒకదానికి ఉంటుంది. ఎకర్స్‌లీ 2022లో కన్నుమూశారు. వెబ్‌సైట్లకు ఉచితంగా భద్రతా ధ్రువపత్రాలిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వ్యవస్థాపకుల్లో కూడా ఆయన ఒకరు. నేటి విద్యార్థులు ఆయన పేరు తెలుసుకోవాలని నా కోరిక.

ఆ పరిశోధనలో నన్ను బాగా ఆలోచింపజేసిన భాగం శాతాలది కాదు. గోప్యత కోసం జనం చేసుకునే మార్పులే కొన్నిసార్లు వారిని పట్టిస్తాయని ఎకర్స్‌లీ అందులో చూపించారు. నా బ్రౌజర్ పేరు తెలియకూడదని ఎవరైనా తప్పుడు పేరు చెప్పించే పొడిగింపు, అంటే ఎక్స్‌టెన్షన్, పెట్టుకున్నారనుకోండి. ఆపిల్ ఫోన్‌నని చెప్పుకుంటూ, ఆపిల్ ఫోన్‌లో ఉండని ఫ్లాష్‌ను చూపించే బ్రౌజర్ ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? దాక్కుందామనుకున్న ప్రయత్నమే వారిని వేరుచేసి చూపుతుంది. తర్వాతి కాలంలో ఇదే మాట మరో రూపంలో రుజువైంది. నన్ను అనుసరించవద్దు అని ప్రతి సైటుకూ విన్నవించే డూ నాట్ ట్రాక్ అనే సదుపాయం కొన్నేళ్ళు బ్రౌజర్లలో ఉండేది. 2019లో ఆపిల్ దాన్ని సఫారీ నుంచి తొలగిస్తూ, ఆ విన్నపమే గుర్తుపట్టడానికి ఒక ఆనవాలుగా ఉపయోగపడే అవకాశం ఉందని కారణం చూపింది.

అందువల్ల టార్ ప్రాజెక్టు ఇంజినీర్లు వేరే దారి ఎంచుకున్నారు. జవాబు చెప్పకుండా తప్పించుకోవడం కంటే, ఈ బ్రౌజర్ వాడేవారందరి చేతా ఒకే జవాబు చెప్పించడం మేలని నిర్ణయించుకున్నారు. కార్తీక మార్గశిర మాసాల్లో విజయవాడ స్టేషన్‌లో నల్ల దుస్తులతో, మాలలతో, ఇరుముడులతో ప్లాట్‌ఫారం నిండా అయ్యప్ప స్వాములు నిలబడి ఉంటారు. ఆ గుంపులో మన పక్కింటాయనను దూరం నుంచి వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఎవరిని పిలిచినా స్వామీ అనే పిలవాలి. అదే ఆయన మెడలో ఎర్ర కండువా వేసుకుని ఉంటే ఓవర్‌బ్రిడ్జి మీద నుంచే గుర్తుపడతాం. ముల్వాడ్ బ్రౌజర్‌లో థీములు, అలంకారాలు, అదనపు పొడిగింపులు జోడించుకోవద్దని తయారీదారులు అంతగా చెప్పడానికి కారణం ఇదే. సదుపాయాలు ఎన్ని తక్కువైతే వాడేవారి మధ్య తేడాలు అన్ని తక్కువ. మినిమలిజం ఇక్కడ అందం కోసం వచ్చింది కాదు, గోప్యతకు అది ముందు షరతు.

ఈ సూత్రం తెర మీద ఎలా కనిపిస్తుందో దగ్గరగా చూద్దాం. మన దగ్గర చాలామంది ల్యాప్‌టాప్‌ల తెర 1366 పిక్సెళ్ళ వెడల్పు, 768 పిక్సెళ్ళ ఎత్తు ఉంటుంది. విండోను పూర్తిగా పెద్దది చేస్తే, పైన ట్యాబుల పట్టీ, కింద టాస్క్‌బార్ పోగా పేజీకి మిగిలే చోటు 1366 వెడల్పు, సుమారు 625 ఎత్తు అనుకుందాం. ఆ 625 అనే అంకె మన టాస్క్‌బార్ మందాన్ని, అక్షరాల పరిమాణాన్ని, బుక్‌మార్కుల పట్టీ తెరిచి ఉందా లేదా అన్నదాన్ని బట్టి మనిషికో రకంగా మారుతుంది, అందుకే అది మంచి ఆనవాలు. ముల్వాడ్ బ్రౌజర్ ఏం చేస్తుందంటే, ఇంత పరిమాణం గల తెరలో వెడల్పును 200 గుణిజానికి, ఎత్తును 100 గుణిజానికి కుదించి, పేజీని 1200 వెడల్పు, 600 ఎత్తు గల పెట్టెలో చూపిస్తుంది. చుట్టూ మిగిలిన చోటు ఖాళీ అంచుగా ఉండిపోతుంది. సినిమాను టీవీలో వేసినప్పుడు పైనా కిందా వచ్చే పట్టీల మాదిరిగా ఉంటుంది కాబట్టి దీనికి లెటర్‌బాక్సింగ్ అనే పేరు వచ్చింది. టార్ బ్రౌజర్‌లో ఇది 2019లో తొమ్మిదో కూర్పుతో వచ్చింది. ఆ అంచు చూసి చాలామంది ఏదో పాడైందనుకుని, దాన్ని తీసేసే సెట్టింగు కోసం వెతుకుతారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ ఖాళీ అంచే మిమ్మల్ని కొన్ని వేలమందితో కలుపుతోంది.

సమయ మండలం విషయంలోనూ ఇంతే. గుంటూరులో కూర్చుని వాడినా, గ్లాస్గోలో కూర్చుని వాడినా గ్రీనిచ్ సమయమే చెబుతుంది. పేజీ కనిపించకుండా ఒక బొమ్మ గీయించి, దాన్ని తిరిగి చదివి, మన గ్రాఫిక్స్ చిప్ ఎలా గీసిందో సూక్ష్మంగా పోల్చే కాన్వాస్ పద్ధతి ఒకటుంది. 2014లో జరిగిన ఒక అధ్యయనంలో, మొదటి లక్ష సైట్లలో 5 శాతానికి పైగా దీన్ని వాడుతున్నట్టు తేలింది. ఈ బ్రౌజర్ ఆ చదివే ప్రయత్నానికి అర్థంలేని డేటా ఇచ్చి పంపుతుంది.

ఇక తెలుగువారందరూ తప్పక తెలుసుకోవలసినది ఫాంట్ల సంగతి. నీ దగ్గర ఏయే ఫాంట్లున్నాయో చెప్పు అని పేజీ నేరుగా అడగనక్కరలేదు. కనిపించని ఒక చోట ఒక పదాన్ని రాసి, దీన్ని మండలి అనే తెలుగు ఫాంట్‌లో చూపించు, అది లేకపోతే మామూలు ఫాంట్‌లో చూపించు అని బ్రౌజర్‌కు చెబుతుంది. తర్వాత ఆ పదం ఎంత వెడల్పు వచ్చిందో కొలుస్తుంది. మామూలు ఫాంట్ వెడల్పే వస్తే మండలి లేదు. వేరే వెడల్పు వస్తే ఉంది. ఇలా వందలాది ఫాంట్ల పేర్లను కన్ను మూసి తెరిచేలోపు పరీక్షించవచ్చు. ఇప్పుడు మన డీటీపీ కేంద్రాల్లోని కంప్యూటర్‌ను తలచుకోండి. పెళ్ళి శుభలేఖల కోసం, కరపత్రాల కోసం, పుస్తకాల పేజీలు కట్టడం కోసం అను ఫాంట్లు, మండలి, రామభద్ర, పొన్నాల, సూరన్న వంటి ఎన్నో ఫాంట్లు అందులో ఉంటాయి. ఆ కంప్యూటర్ మీద మామూలు బ్రౌజర్‌తో ఏ దేశపు సైటు తెరిచినా, ఇది తెలుగు అచ్చుపనికి సంబంధించినవారి యంత్రం అని ఫాంట్ల జాబితాయే చెప్పేస్తుంది. ఏ రకం ఫాంట్లు ఎవరు కొనుక్కున్నారన్నది కలిస్తే, ఇది ఫలానా కేంద్రమే అనేంత వరకూ పోవచ్చు. మన భాష మీద ప్రేమతో చేర్చుకున్న అక్షరాలే మనల్ని ఎత్తి చూపడం నాకు బాధ కలిగించే విషయం. ముల్వాడ్ బ్రౌజర్ మనం విడిగా చేర్చుకున్న ఫాంట్లను పేజీల కంట పడనివ్వదు. తెలుగు పేజీలు మామూలుగానే చదువుకోవచ్చు, కాకపోతే మనకు నచ్చిన అక్షరరూపంలో కాకుండా అందరికీ కనిపించే రూపంలో కనిపిస్తాయి.

భాష ఎంపిక ఇంతకంటే సున్నితమైనది. ఫైర్‌ఫాక్స్‌ను తెలుగు మెనూలతో వాడుకునే సౌకర్యం స్వచ్ఛంద కార్యకర్తల శ్రమ వల్ల మనకు ఉంది. అలా వాడేటప్పుడు, బ్రౌజర్ ప్రతి సైటుకూ నాకు ముందు తెలుగు పేజీలివ్వు అని ఒక వరుస పంపుతుంది. తెలుగు మాట్లాడేవారు కోట్లలో ఉన్నా, ఆ వరుస పంపే బ్రౌజర్లు తక్కువ. ముల్వాడ్ బ్రౌజర్ ఇంగ్లీషు మెనూలతో వాడేవారి తరఫున అమెరికన్ ఇంగ్లీషు అనే చెబుతుంది. తెలుగు వికీపీడియా, తెలుగు పత్రికల సైట్లు తెలుగులోనే ఉంటాయి కాబట్టి వాటికి ఏ ఆటంకమూ లేదు. మన కోరికను బట్టి భాష మార్చే సైట్లు మాత్రం ఇంగ్లీషులో వస్తాయి. ఇందుకు నేను సంతోషంగా ఒప్పుకోలేను. ఎక్కువమంది తెలుగులో వాడితే తెలుగు కూడా ఒక పెద్ద గుంపు అవుతుంది, అప్పుడు ఈ రాజీ అవసరం తగ్గుతుంది. అందుకే రోజువారీ పనులకు వాడే ఫైర్‌ఫాక్స్‌ను తెలుగులోనే ఉంచుకోండని నేను సలహా ఇస్తాను. గోప్యంగా చదవవలసినవి, అంటే రోగాల గురించి, కోర్టు వ్యవహారాల గురించి, అప్పుల గురించి, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని విషయాల గురించి వెతికేటప్పుడు మాత్రం ముల్వాడ్ బ్రౌజర్ తెరవండి.

ఈ విభజన మరో కారణం వల్ల కూడా అవసరం. ముల్వాడ్ బ్రౌజర్ కుకీలను నిలిపి ఉంచదు కాబట్టి, బ్యాంకు సైటుకు మనం ప్రతిసారీ కొత్తవాళ్ళమే. ప్రతిసారీ ఓటీపీ అడుగుతుంది, ఒక్కోసారి అనుమానించి ఆపేస్తుంది. నువ్వు మనిషివేనా అని అడిగే క్యాప్చాలు కూడా ఎక్కువగా ఎదురవుతాయి. పేరు, ఖాతా సంఖ్య, పాన్ నంబరు మనమే ఇచ్చే చోట అజ్ఞాతంగా ఉండటానికి అర్థం లేదు. కాబట్టి బ్యాంకు, ప్రభుత్వ పోర్టళ్ళు, ఉద్యోగపు మెయిల్ వేరే బ్రౌజర్‌లో చేసుకోవడం మంచిది.

ఈ బ్రౌజర్ చేయనిది ఏమిటో కూడా స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో జనం చాలా మోసపోయారు. క్రోమ్‌లోని ఇన్‌కాగ్నిటో పద్ధతిలో తమను ఎవరూ చూడటం లేదని ఎందరో నమ్మారు. దాని మీద అమెరికాలో 2020లో వేసిన వ్యాజ్యం రాజీకి వచ్చి, ఆ పద్ధతిలో సేకరించిన కోట్లాది రికార్డులను చెరిపేయడానికి గూగుల్ 2024లో అంగీకరించింది. ముల్వాడ్ బ్రౌజర్ ఇంటర్నెట్‌లో మన కనెక్షన్ చిరునామా అయిన ఐపీ అడ్రసును దాచదు. టార్ బ్రౌజర్ మూడు మజిలీల గుండా పంపి దాన్ని దాస్తుంది, ఇందులో ఆ నెట్‌వర్క్ లేదు. దానికి బదులు నమ్మదగిన వీపీఎన్‌తో కలిపి వాడుకోవాలన్నది తయారీదారుల ఉద్దేశం. వీపీఎన్ లేకుండా వాడితే, మన ఇంటర్నెట్ సంస్థకు మనం ఏ సైటుకు వెళ్ళామో చాలావరకు తెలుస్తుంది. సైటుకు మన ఐపీ అడ్రసు తెలుస్తుంది. ఫింగర్‌ప్రింటింగ్ నుంచి, కుకీల నుంచి కాపాడటం వరకే దీని పని. ప్రాణభయం ఉన్న విలేకరులకు, సమాచారం బయటపెట్టేవారికి నేను టార్ బ్రౌజరే చెబుతాను.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని మీరు అడగాలి. ప్రతి ఉచిత వస్తువు దగ్గరా అడగవలసిన ప్రశ్న ఇది. 2009లో మొదలైన ఆ వీపీఎన్ సంస్థ నెలకు 5 యూరోల చందా మీద నడుస్తుంది. బ్రౌజర్ ఖర్చు ఆ చందాల్లోంచే. ఖాతా తెరవడానికి పేరు, మెయిలు అడగదు, ఒక 16 అంకెల సంఖ్య ఇస్తుంది, అంతే. బ్రౌజర్ విడుదలైన పదిహేను రోజులకు, 2023 ఏప్రిల్ 18న, స్వీడన్ పోలీసులు సోదా వారంటుతో గోథెన్‌బర్గ్‌లోని వారి కార్యాలయానికి వచ్చారు. వినియోగదారుల సమాచారం ఉన్న కంప్యూటర్లను స్వాధీనం చేసుకోవడం వారి ఉద్దేశం. అలాంటి సమాచారమే తమ దగ్గర ఉండదని సంస్థ వివరించిన తర్వాత వారు ఏదీ తీసుకోకుండా వెళ్ళిపోయారు. ఈ వివరం సంస్థే ప్రకటించింది. ఒక్క ఘటనతో ఏ సంస్థనూ శాశ్వతంగా నమ్మేయమని నేను చెప్పను. కానీ సేకరించి భద్రంగా దాచడం కంటే అసలు సేకరించకపోవడం ఎంత బలమైన రక్షణో అక్కడ కనిపించింది. టెలిమెట్రీని ఎందుకు తీసేశారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

చివరగా కొన్ని ఆచరణ విషయాలు. దీన్ని ముల్వాడ్ అధికారిక సైటు నుంచే దించుకోండి, వేరే సైట్లలోని కాపీలను ముట్టవద్దు. కొత్త కూర్పు రాగానే అప్‌డేట్ చేయండి. పాత కూర్పులో భద్రతా లోపాలు ఉండటం ఒక ప్రమాదమైతే, గుంపంతా ముందుకు కదిలాక వెనక మిగిలిపోవడం మరొకటి. పొడిగింపులు చేర్చవద్దు. సెట్టింగుల్లో భద్రతా స్థాయి ఒకటుంటుంది, అది మూడు మెట్లుగా ఉంటుంది. పై మెట్లకు వెళ్ళేకొద్దీ జావాస్క్రిప్ట్ తగ్గి, కొన్ని సైట్లు పనిచేయడం మానేస్తాయి. మొదటి మెట్టు దగ్గరే మొదలుపెట్టండి.

పక్క ల్యాబ్‌లో కొన్ని కంప్యూటర్ల మీద క్రోమ్, తెలుగు ఫైర్‌ఫాక్స్, ముల్వాడ్ బ్రౌజర్ మూడూ పెట్టించాము. పానోప్టిక్లిక్ ఇప్పుడు కవర్ యువర్ ట్రాక్స్ అనే పేరుతో నడుస్తోంది. మూడింటిలోనూ దాన్ని తెరిచి, భాష, తెర పరిమాణం, ఫాంట్లు, సమయ మండలం అనే నాలుగు వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. పైన వచ్చే ఒక్క మాట ఫలితాన్ని పట్టించుకోకండి. ఆ పరీక్షకు వచ్చేవారు మామూలు జనంలో చిన్న భాగమే కాబట్టి, వరుసలు చదవడమే ఉపయోగం. నేను అక్కడే ఉంటాను, మీ ప్రశ్నలు అక్కడ అడగవచ్చు. నమస్కారం.